యదుల్లా బిగించిన మూత

దారి పక్కన బానెట్ ఎత్తిన పాత పేకాన్ ట్రక్కు, దాని మీదకి వంగిన ఒక నడుం కనిపిస్తే కొండ మీది కమ్సర్ ఊళ్ళో ఎవరూ ఆగి అడగరు. అది యదుల్లా బండేనని అందరికీ తెలుసు. ఆ బండి పాపం ఎప్పుడూ ఆగిపోతూనే ఉంటుందని బయటినుంచి వచ్చినవాళ్ళు అనుకుంటారు. నిజం అది కాదు. మిగతావాళ్ళు బండి ఆగాక బానెట్ ఎత్తుతారు. యదుల్లా ఆగకముందే ఎత్తుతాడు. ఏదో చిన్న చప్పుడు తేడాగా వినిపిస్తే చాలు, అది ఎక్కణ్ణించి వస్తుందో చూడందే అతనికి అన్నం సయించదు.

అతను పుట్టింది కింద కాషాన్‌లో, మఖ్మల్ మగ్గాల వీధిలో. పెళ్ళయ్యేదాకా మగ్గం మీదే బతికాడు. మిల్లు మఖ్మల్ వచ్చి చేతి మఖ్మల్‌ని మింగేశాక, భార్య తల్అత్ పుట్టిన ఊరు కమ్సర్‌కి కొండెక్కి వచ్చేశాడు. సున్నం పనివాడొకడు అమ్మకానికి పెట్టిన ట్రక్కు కొన్నాడు. సరుకు వేసే వెనక తొట్టి నిండా గడ్డకట్టిన సున్నం. దాన్ని ఉలితో చెక్కి వదిలించడానికే ఒక చలికాలం పట్టింది.

బండి పని అతనికి ఎవరూ నేర్పలేదు. మగ్గమే నేర్పిందని చెప్పాలి. మగ్గం మీద దారం తెగితే, బట్ట దగ్గర మొదలుపెట్టి, వేలు ఎత్తకుండా, కండె దాకా వెనక్కి వెళ్ళాలి. మధ్యలో "ఇక్కడే తెగి ఉంటుందిలే" అనుకుని ముడివేసినవాడు మళ్ళీ మొదటికి రావాల్సిందే. యదుల్లా బండినీ అట్లాగే చూశాడు. పెట్రోలు కూడా ఒక దారమే. వెనక ట్యాంకులో మొదలై, బండి కింద సన్నటి గొట్టంలో ముందుకి పాకి, ఇంజను పక్కన బిగించిన పంపులోకి వెళ్ళి, పంపు నెడితే కార్బురేటర్‌లోకి ఎక్కి, అక్కడ గాలితో కలిసి మండుతుంది. ఎక్కడో ఒకచోట తెగితే బండి ఆగుతుంది. ఎక్కడ తెగిందో వేలితో వెతుక్కుంటూ పోవడమే పని. మిగతాదంతా మాటలు.

గులాబీలు పూసే నెలలో అతని బండికి ఒకటే పని. కొకబ్ ఖానమ్ పన్నీరు బట్టీకి పువ్వు చేరవెయ్యడం. భర్త పోయాక ఆ బట్టీని ఆవిడే నడుపుతోంది. రాగి డేగిసాలు, మట్టి పొయ్యిలు, గొట్టంలోంచి వచ్చే ఆవిరి చల్లబడి పన్నీరుగా దిగడానికి నీళ్ళ తొట్టిలో ముంచి పెట్టిన బిందెలు, అన్నిటికీ ఆవిడే యజమాని. మనిషి పొట్టి, గొంతు చిన్న, ముక్కు మాత్రం చాలా పెద్ద ఆస్తి. బిందె మూత తియ్యగానే అందులో పన్నీరు ఏ తోట పువ్వుదో చెప్పేస్తుంది. పువ్వు సూర్యుడు పైకి రాకముందే కొయ్యాలి, కోసిన పువ్వు మూటలో వెచ్చబడక ముందే డేగిసాలో పడాలి. వెచ్చబడిన పువ్వుతో పన్నీరు కాదు, పులిసిన కషాయం వస్తుంది. అందుకే పువ్వు మోసే బండి అంటే ఊళ్ళో ఒక గౌరవం. కొకబ్ ఖానమ్ భర్త బతికున్న రోజుల నుంచీ ఆ గౌరవం యదుల్లాది.

ఆ ఏడాది పూత మొదట్లో ఆవిడ ఒక మాట అంది. మూటలో ముఖం పెట్టి, ఎత్తి, ఇంకోసారి పెట్టి, "మష్ యదుల్లా, దీంట్లో పెట్రోలు వాసన వస్తోంది" అంది.

మష్హద్ యాత్ర చేసి వచ్చినవాణ్ణి మష్ అనో మష్దీ అనో, హజ్ చేసి వచ్చిన ఆడమనిషిని హాజీ ఖానమ్ అనో పిలుస్తారు. కొకబ్ ఖానమ్ మష్ అన్న మాటని మర్యాదకీ వాడుతుంది, మందలింపుకీ వాడుతుంది.

"నా బండిలోనా, హాజీ ఖానమ్?"

"మరి నా గాడిద మీద రాలేదుగా."

అతనికి నిద్ర పట్టలేదు. తెల్లారాక చూస్తే కారణం దొరికింది. ట్యాంకు మూత తొట్టి పక్కనే ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు నిండు ట్యాంకు తొణికి, మూతలో ఉన్న సన్నని బెజ్జం లోంచి నాలుగు చుక్కలు బయటికి వస్తున్నాయి. ఆ పక్కనే మూటలు. యదుల్లా ట్రాక్టరు ట్యూబు ముక్క తెచ్చి, గుండ్రంగా కోసి, మూత లోపల అమర్చాడు. బెజ్జంలో తేనెమైనం కరిగించి పోశాడు. ఆ మూతని ఒక వెడల్పు మూతి సీసాకి బిగించి, తలకిందులుగా పట్టుకుని తల్అత్‌కి చూపించాడు. చుక్క రాలేదు. ఆ పని ఎంత శుభ్రంగా కుదిరిందంటే, చూపించడానికి ఇంకెవరైనా ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"బాగుంది. నా జాడీలక్కూడా ఇట్లాంటివి చేసిపెట్టు" అంది తల్అత్.

ఆ తర్వాత కొకబ్ ఖానమ్ ఇక వాసన మాట ఎత్తలేదు. బంకుకి వెళ్ళి ట్యాంకు నిండా పోయించుకుని, మూత రెండు చేతులతో బిగించి, యదుల్లా మనశ్శాంతిగా ఇంటికొచ్చాడు. బండి ఆగడం మొదలైంది మర్నాటి నుంచే.

దిగువ తోట నుంచి బట్టీకి వచ్చే దారిలో అక్రోటు చెట్ల దగ్గర ఒక ఎత్తుంది. సగం ఎక్కాక బండి దగ్గింది, గింజుకుంది, చచ్చింది. వెనక నిండా పువ్వు. యదుల్లా దిగి బానెట్ ఎత్తేలోపు సీరూస్ తన కొత్త జపాను బండి ఆపి వచ్చాడు. కుర్రవాడేం కాదు, మీసాలకి రంగు వేసే వయసు. ఊళ్ళో ఏ బండి ఆగినా అతను దిగి, దాదాష్, అంటే అన్నా, అని పిలిచి సలహా చెప్పందే ముందుకు కదలడు.

"పంపు వేడెక్కింది దాదాష్. పెట్రోలు ఆవిరైపోయింది. తడిగుడ్డ వెయ్యి."

"పొద్దున్నే వేడేమిటి, సీరూస్? కొండ మీద ఇంకా మంచుంది."

"మంచు కొండ మీదుంది, నీ పంపు మీద లేదుగా. మా నాన్న అయితే పుచ్చకాయ డిప్ప బోర్లించేవాడు. నా దగ్గర డిప్ప లేదు, గుడ్డ ఉంది."

అక్కడ పాత బండి ఆగితే తడిగుడ్డ వెయ్యడం జలుబుకి వేడి టీ తాగినంత మామూలు. ఎండాకాలం ఎడారి రోడ్డు మీద నిజంగానే పంపు కాలిపోయి, లోపలి పెట్రోలు ఆవిరై, పంపు వట్టి గాలిని నములుతూ కూర్చుంటుంది. గుడ్డ తడిపి వేస్తే చల్లబడి మళ్ళీ లాగుతుంది. అందుకని ప్రతి బండిలోనూ ఒక గుడ్డ, ఒక నీళ్ళ డబ్బా ఉంటాయి. సీరూస్ కాలవలో గుడ్డ ముంచి పంపుకి చుట్టాడు. ఇద్దరూ రాతి మీద కూర్చుని కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత తాళం తిప్పితే ఇంజను అందుకుంది.

"చూశావా" అన్నాడు సీరూస్.

చూశాడు. ఏం చూశాడో అతనికే తెలియలేదు. గుడ్డ పనిచేసిన మాట నిజం, చలిగా ఉన్న మాటా నిజం. ఆ రెండూ పొసగలేదు.

మర్నాడు అదే ఎత్తు మీద మళ్ళీ ఆగింది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ రాయి, మళ్ళీ ఇంజను. కానీ ఈసారి బట్టీ చేరేసరికి అడుగు మూటలు రెండు గోరువెచ్చబడ్డాయి. కొకబ్ ఖానమ్ వాటిని పక్కన పెట్టించింది. డేగిసాలో వెయ్యనివ్వలేదు. అరవలేదు కూడా. ఆవిడ అరిచి ఉంటే యదుల్లాకి తేలికగా ఉండేది.

"రేపు రెండు మంటల పన్నీరు" అంది. ఒకసారి దించిన పన్నీటిలోనే మళ్ళీ కొత్త పువ్వు వేసి, రెండోసారి కాచేదాన్ని ఆ పేరుతో పిలుస్తారు. బట్టీకి పేరు తెచ్చేది అదే. "రేపటి పువ్వు చల్లగా రావాలి, మష్ యదుల్లా. రాకపోతే ఎల్లుండి నుంచి సీరూస్‌ని పిలుస్తాను. నీ మీద కోపం కాదు. పువ్వు ఆగదు."

"వస్తుంది, హాజీ ఖానమ్" అన్నాడు. ఎట్లా వస్తుందో అతనికి తెలియదు.

ఆ మధ్యాహ్నం పంపు విప్పాడు. విప్పడానికి శుభ్రమైన చోటు కావాలని తల్అత్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి పళ్ళెం తీసుకున్నాడు. ఆవిడ వచ్చేసరికి అందులో మరలు, స్ప్రింగు, చిన్న చిన్న కవాటాలు వరుసగా పేర్చి ఉన్నాయి.

"అందులో నేను అన్నం వడ్డిస్తాను" అంది.

"కడిగిస్తాను."

"పోయినేడు కూడా కడిగే ఇచ్చావు. వారం రోజులు అన్నం బండిలా వాసనేసింది."

పంపు లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. అది పైకీ కిందికీ ఊగుతూ పెట్రోలుని లాగి నెడుతుంది. అది చిరిగితే పెట్రోలు కారి ఇంజనాయిల్లో కలుస్తుంది. యదుల్లా ఆయిలు కొలిచే కడ్డీ తీసి వాసన చూశాడు. పెట్రోలు కలవలేదు. పొరని వెలుతురుకి పట్టి చూశాడు. చిన్న బెజ్జం కూడా లేదు. కవాటాలని నోట్లో పెట్టుకుని ఊదాడు, పీల్చాడు. ఒకవైపే తెరుచుకుంటున్నాయి, అట్లాగే ఉండాలి. అయినా ఊరుకోలేక కొత్త పొర వేశాడు. తప్పు పంపులోనే ఉందని అందరూ అన్నారు, గుడ్డ కూడా అదే అంది. మగ్గం దగ్గర అయితే అతను ఇట్లా మధ్యలో ఆగి ముడి వేసేవాడు కాదు. ఆ రోజు వేశాడు.

తెల్లవారకముందే దిగువ తోటకి వెళ్ళారు. కోసేవాళ్ళలో తల్అత్ కూడా ఉంది. నడుముకి కట్టిన గుడ్డలోకి మంచుతో తడిసిన పువ్వు రాల్చుకుంటూ పొదల మధ్య నడిచింది. ఆకాశం తెల్లబడేసరికి తొట్టి నిండింది. మూటలెక్కించి, తల్అత్ పక్కన ఎక్కి కూర్చుంది. యదుల్లా బిస్మిల్లా అని తాళం తిప్పాడు.

అక్రోటు చెట్లు వచ్చాయి. ఎత్తు మొదలైంది. బండి సగం ఎక్కింది. యదుల్లా స్టీరింగు మీద కొంచెం ముందుకు వంగాడు, తాను వంగితే బండికి బరువు తగ్గుతుందన్నట్టు. అప్పుడే దగ్గు వినిపించింది.

"వద్దు" అన్నాడు బండితో, మెల్లగా.

ఆగిపోయింది.

కొండ అంచున వెలుగు పసుపు రంగుకి తిరుగుతోంది. ఇంకాసేపట్లో ఆ ఎండ దారి మీదకి దిగుతుంది. తల్అత్ దిగి, తొట్టి ఎక్కి, మూట మధ్యలోకి మోచెయ్యి దాకా పెట్టి చూసింది.

"ఇంకా చల్లగానే ఉంది. నేను ముడులు విప్పుతాను, కాస్త గాలి ఆడుతుంది. నువ్వు నీ పని చూడు."

గుడ్డ సీటు కింద ఉంది. చెయ్యి దాని దాకా వెళ్ళి ఆగింది. గుడ్డ వేస్తే కాసేపటికి బండి కదులుతుంది, అది తెలుసు. కానీ ఎంత సేపటికో తెలియదు, పై మలుపులో మళ్ళీ ఆగదనీ తెలియదు. బానెట్ ఎత్తి పంపు మీద అరచెయ్యి వేశాడు. పక్కనున్న ఇంజను వెచ్చగా ఉంది, పంపు మాత్రం అరచేతిని కాల్చలేదు. దాని మీద ఎంతసేపైనా చెయ్యి ఉంచొచ్చు. అది వేడికి ఉడికిన పంపు కాదు.

"తల్అత్, దిగిరా. నేను చెప్పినప్పుడు తాళం తిప్పు."

కాయిల్ వైరు పీకేశాడు, నిప్పురవ్వ పుట్టకుండా. కార్బురేటర్‌కి ఎక్కే పైపు ఊడదీసి, దాని చివర టీ గ్లాసులో పెట్టాడు. పంపు బాగుంటే ఇంజను తిరిగిన ప్రతిసారీ గ్లాసులోకి పెట్రోలు చిమ్మాలి.

"తిప్పు."

పైపు తుమ్మింది. నాలుగు బుడగలు, నాలుగు చుక్కలు. అంతే.

"చాలు."

"ఏమంటోంది?" అంది తల్అత్ కిటికీలోంచి.

"పంపు ఇవ్వడం లేదు."

"అంటే మళ్ళీ నా పళ్ళెమా?"

అతను గ్లాసు పక్కన పెట్టాడు. పంపు ఇవ్వడం లేదు, సరే. కానీ పంపుకి వస్తోందా? నిన్న అతను వేలు ఎత్తింది ఇక్కడే. ఆ మాట తట్టగానే సిగ్గుపడ్డాడు, అంత కంగారులోనూ. వెనక ట్యాంకు నుంచి పంపుకి వచ్చే రబ్బరు పైపుని మెలితిప్పి ఊడదీశాడు. పెట్రోలు కారుతుందని బొటనవేలు అడ్డం పెట్టాడు.

కారలేదు. పైపు అతని వేలుని పట్టుకుంది.

వేలు తీశాడు. ఉస్సుమని చిన్న చప్పుడు, ఎక్కడో వెనక ట్యాంకులో బుడబుడమని ఇంకో చప్పుడు. మళ్ళీ వేలు పెట్టాడు. మళ్ళీ లాగింది, పసిబిడ్డ నోట్లో వేలు పెట్టినట్టు.

"ఇటు రా, ఒకసారి. నీ వేలు పెట్టి చూడు."

తల్అత్ వచ్చి పెట్టింది. కనుబొమలు ముడిచి, వేలు తీసి, పెట్టి, నవ్వింది. "పీలుస్తోంది. పొయ్యి ఆరితే బిందె పన్నీరు డేగిసాలోకి పోయినట్టు."

యదుల్లా ఆవిడ ముఖం వైపు చూశాడు. పన్నీరు బట్టీ దగ్గర పెరిగినవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. డేగిసా మూత చుట్టూ మట్టి మెత్తి, గాలి దూరకుండా మూసి కాస్తారు. మంట ఆరిపోయినా ఎవరూ మూత తియ్యకపోతే, చల్లబడుతున్న డేగిసా గొట్టంలోంచి పన్నీటిని వెనక్కి తాగేస్తుంది. ఎక్కణ్ణించీ గాలి రాదు కనక ఉన్నదాన్నే లాక్కుంటుంది. అందుకే కొకబ్ ఖానమ్ పొయ్యి ఆరకముందే వెళ్ళి మట్టి పెచ్చు ఒకటి ఊడదీస్తుంది.

"గాలి దూరకుండా మూస్తే" అన్నాడు నిదానంగా, "పీలుస్తుంది."

ఆ మూసినవాడెవడో అతనికి తెలుసు. తల్అత్‌కీ తెలిసింది. ఆవిడ చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇద్దరూ బండి పక్కకి నడిచారు. యదుల్లా మూత పట్టుకుని తిప్పాడు. రాలేదు. అతను బిగించింది అంత బాగా బిగించాడు. చొక్కా అంచు చుట్టి, రెండు చేతులా పట్టుకుని తిప్పితే, పట్టు వదిలింది. ట్యాంకు ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. నిజానికి అది విడవడం కాదు, పీల్చడం. అయినా ఆ దారిలో ఆ పొద్దున అది నిట్టూర్పులాగే వినిపించింది.

అప్పుడు అన్నీ వాటంతట అవే వరుసలో కూర్చున్నాయి. నిండు ట్యాంకులో ఖాళీ కొంచెమే. తోట నుంచి ఎత్తు దాకా బండి తాగిన పెట్రోలు చోటులోకి గాలి రాలేదు. పంపు లాగింది, ట్యాంకు వెనక్కి లాగింది. పంపు ఓడిపోయింది. రాతి మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఎక్కడో వెంట్రుకంత సందులోంచి గాలి దూరి బండి లేచింది. పేరు మాత్రం గుడ్డకి వచ్చింది.

"మూడు రోజులుగా ఈ బండి నీతో మొర పెట్టుకుంటోంది" అంది తల్అత్, "ఊపిరాడడం లేదు మష్దీ అని. నువ్వేమో దాని నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నావు."

"వెక్కిరించు. కానీ బండిలో కూర్చుని వెక్కిరించు."

రబ్బరు ముక్క పీకి జేబులో పెట్టుకున్నాడు. చిన్న మేకుతో మైనం పొడిచి బెజ్జం తెరిచాడు. పైపులు ఎక్కడివక్కడ తొడిగి, బిగించి, పంపు కింద ఉన్న చేతి మీటని వేలితో పైకీ కిందికీ కొట్టాడు. మొదట తేలిగ్గా ఊగింది. తర్వాత వేలికి బరువు తగిలింది. పెట్రోలు వచ్చింది. ఆ బరువు తగిలినప్పుడు యదుల్లా భుజాలు కిందికి దిగాయి. మూడు రోజుల నుంచీ అవి పైకే ఉన్నాయని అతనికి అప్పుడు తెలిసింది. కాయిల్ వైరు పెట్టి తాళం తిప్పితే, ఇంజను ఒక్కసారికే అందుకుంది.

మూతకి దగ్గరగా ఉన్న మూటలని తల్అత్ అవతలి వైపు జరిపింది. నిండుగా లేని ట్యాంకు తొణికినా పైదాకా రాదని యదుల్లా చెప్పాడు. అయినా ఎత్తు మీద మెల్లగా ఎక్కించాడు, గర్భిణిని తీసుకెళుతున్నట్టు. అక్రోటు చెట్లు వెనక్కి పోయాయి. పై మలుపు వచ్చింది, పోయింది. ఎండ వాళ్ళకంటే ఒక వంపు వెనకే ఉంది.

బట్టీ ముందు కొకబ్ ఖానమ్ చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడి ఉంది. పక్కనే సీరూస్ తన బండికి ఆనుకుని ఉన్నాడు. పిలిపించుకుందో, తనే వచ్చాడో యదుల్లా అడగలేదు. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా తొట్టి దగ్గరికి వచ్చింది. అడుగు మూట లాగించి, చెయ్యి లోపలికి పోనిచ్చి, పిడికెడు పువ్వు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. యదుల్లా తన జేబులో రబ్బరు ముక్కని నలుపుతూ నిలబడ్డాడు.

"చల్లగా ఉంది" అంది.

"పెట్రోలు?" అన్నాడు అతను.

ఆవిడ ఇంకోసారి వాసన చూసింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని, దాన్నీ వాసన చూసింది.

"ఇదిగో, ఇక్కడుంది. పువ్వులో లేదు. పోయి చేతులు కడుక్కుని రా, టీ తాగుదువుగాని. మూటలు మాత్రం ముట్టుకోకు, సీరూస్ దింపుతాడు. ఎట్లాగూ ఊరికే నిలబడ్డాడు."

సీరూస్ మూట ఎత్తుతూ అడిగాడు. "గుడ్డ వేశావా దాదాష్?"

"లేదు. మూత తీశాను."

"ఏ మూత?"

"పెట్రోలు మూత."

"గుడ్డ కూడా వేసి ఉంటే ఇంకా తొందరగా వచ్చేవాడివి" అన్నాడు సీరూస్, మూట భుజానికెత్తుకుంటూ.

లోపల పొయ్యిలు మండుతున్నాయి. పువ్వు డేగిసాలో పడి, నిన్నటి పన్నీరు దాని మీద పడి, మూత చుట్టూ మట్టి మెత్తారు. యదుల్లా గడప మీద కూర్చుని, చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ తాగాడు. రొట్టె, జున్ను తిన్నాడు. మళ్ళీ రొట్టె అడిగి తిన్నాడు. నిన్నటి నుంచి ఏమీ తినలేదని తల్అత్ చెబితే గానీ అతనికి గుర్తు రాలేదు.

మధ్యాహ్నం మూత పని పూర్తిచేశాడు. బెజ్జానికి సన్నటి రాగి గొట్టం అతికించి, దానికి రబ్బరు పైపు తొడిగి, ఒకసారి పైకి వంపు తిప్పి, బండి కిందికి దింపి, చక్రం వెనక దాని నోరు తెరిచి ఉంచాడు. ఇక ట్యాంకు ఊపిరి తీసుకుంటుంది, తొణికితే చుక్క నేలకి పోతుంది. పువ్వుకి ఏదీ తగలదు. చూడడానికి మునుపటి పనంత అందంగా లేదు. ఆ వంపు కొంచెం వంకరపోయింది కూడా. అతను దాన్ని సరిచెయ్యలేదు. పైపు చివర బొటనవేలు పెట్టి చూశాడు. లాగలేదు. అదే కావలసింది.

తర్వాత రాగి పళ్ళెం తీసుకుని కాలవ ఒడ్డుకి వెళ్ళి బూడిదతో తోమాడు. కడిగాడు, వాసన చూశాడు, మళ్ళీ తోమాడు. తల్అత్ పక్కన కూర్చుని చూస్తోంది.

సాయంత్రం కొకబ్ ఖానమ్ తన ఇంటి గోడ మీదుగా కేకేసింది. "మష్ యదుల్లా, రేపు పై తోట. చీకటుండగానే బయల్దేరు."

"అట్లాగే, హాజీ ఖానమ్."

పళ్ళెం తల్అత్ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కొకబ్ ఖానమ్‌లా కళ్ళు మూసుకుని, చాలాసేపు అట్లాగే ఉంది.

"ఊఁ?" అన్నాడు.

"అన్నం వండుతాను" అంది. "తింటేగాని చెప్పలేను."